కరివేపాకు కుండీలో పిట్ట రెట్ట

వ్యాఖ్యాత: ఇంటి తోటలో కనిపించే చిన్న చిన్న జీవులను ఫొటో తీయడం గురించి మాట్లాడుకుంటున్నాం. తణుకు నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

శ్రోత: హలో... వినపడుతోందాండీ?

వ్యాఖ్యాత: వినపడుతోందమ్మా. మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి, మీ మాట రెండుసార్లు వస్తోంది.

శ్రోత: ఆ, తగ్గించానండి. నమస్కారం సార్. మా మిద్దె మీద కుండీల్లో కరివేపాకు, నిమ్మ పెంచుతున్నాం. కరివేపాకు మీద పిట్ట రెట్టల్లాంటి పురుగులు చేరాయి. మా అత్తయ్యగారు ఏరి పారేయమంటారు. మా అమ్మాయి ఫొటో తీసిపెట్టమంటుంది. తీస్తే పురుగు మసగ్గా, వెనక గోడ మాత్రం బ్రహ్మాండంగా వస్తోందండి.

అతిథి: (నవ్వుతూ) గోడ కదలదు కదమ్మా! ముందు అత్తయ్యగారితో రాజీ కుదుర్చుకోండి, ఒక్క రెమ్మ వాటికి వదిలేయమని. అవి సీతాకోకచిలుక పిల్లలు. లైమ్ బటర్‌ఫ్లై కావచ్చు, కామన్ మోర్మన్ కావచ్చు. రెండూ కరివేపాకు మీద గుడ్లు పెడతాయి, చిన్నప్పుడు రెండింటి పిల్లలూ ఒకలాగే ఉంటాయి. రెట్టలా కనిపిస్తే పిట్టలు ముట్టవు కదా, అదీ వాటి ఎత్తు. నాలుగుసార్లు చర్మం విడిచాక ఆకుపచ్చగా మారతాయి. సరే, ఫోన్ ఎంత దగ్గర పెడుతున్నారు?

శ్రోత: ఆకుకి దాదాపు ఆనించేస్తానండి.

అతిథి: అక్కడే వచ్చింది చిక్కు. పుస్తకం ముక్కుకి ఆనించుకుంటే మన కళ్లకి అక్షరాలు ఆనవు కదా, లెన్సుకీ అంతే. జానెడు వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టండి. తెర మీద పురుగు తల దగ్గర వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడ లాక్ అవుతుంది. ఆ తర్వాత మీరే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుగుతూ పది పన్నెండు తీయండి. ఒకటైనా కుదురుతుంది.

శ్రోత: మిద్దె మీద గాలి ఎక్కువండి. రెమ్మ ఊగిపోతుంది.

అతిథి: పక్కన ఒక పుల్ల గుచ్చి, బట్టల క్లిప్పుతో రెమ్మను దానికి పట్టించండి. పురుగున్న ఆకుకి కాదు, కాస్త కిందగా. ఉదయం ఏడులోపు అయితే గాలీ తక్కువ, ఎండా మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నమే తీరిక దొరికితే ఒక తెల్ల పంచె అడ్డం పట్టమనండి అమ్మాయిని. ఫ్లాష్ మాత్రం వద్దు, ఒళ్లంతా నూనె రాసినట్టు మెరుస్తుంది.

శ్రోత: తాకితే ఎర్రగా కొమ్ముల్లా ఏదో బయటపెడుతుంది సార్. అది తీయాలని మా అమ్మాయి సరదా.

అతిథి: కంపు కూడా కొడుతుంది, చూశారా? శత్రువును బెదిరించే ఆయుధం అది. దాని కోసం పుల్లతో పొడవకండమ్మా. చీమో కందిరీగో దగ్గరికొచ్చినప్పుడు అదే తీస్తుంది, దొరికితే మీ అదృష్టం. నన్నడిగితే అంతకంటే మంచి ఫొటో ఇంకోటి ఉంది. పురుగు ఎదిగాక నడుముకి ఒక దారం కట్టుకుని ప్యూపాగా మారుతుంది. రోజూ ఒకే చోటు నుంచి ఒక ఫొటో తీస్తూ పొండి. ఒక సాయంత్రం అది నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తాయి. ఇక మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్కడే కూర్చోండి. బయటికొచ్చాక రెక్కలు ఆరేదాకా ఎగరలేదు, కావలసినన్ని తీసుకోవచ్చు. ఫోన్ ముందురోజు రాత్రే చార్జింగ్ పెట్టుకోండి. నేను ఒకసారి సరిగ్గా అప్పుడే చార్జర్ కోసం కిందికి వెళ్లాను. వచ్చేసరికి ఖాళీ డొల్ల వేలాడుతోంది.

శ్రోత: (నవ్వుతూ) అలాగే సార్. అత్తయ్యగారు కూడా వింటున్నారండి, రెండు రెమ్మలు వదిలేస్తానంటున్నారు.

వ్యాఖ్యాత: అత్తయ్యగారికి మా నమస్కారాలు చెప్పండి. తర్వాతి కాల్ నంద్యాల నుంచి.

బాలుడు: సార్, నమస్తే. నేను ఏడో తరగతి. వానకి మా పెరట్లో ఆరుద్ర పురుగులు వచ్చాయి. ఫొటోలో ఎర్ర ముద్దలా వస్తున్నాయి, మఖమల్ లాంటి నూగు కనిపించట్లేదు.

అతిథి: మంచిది పట్టావు నాన్నా. చుట్టూ నల్లమట్టి ఉంటే ఫోన్ చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, ఎరుపంతా అలికేసినట్టు అయిపోతుంది. పురుగు మీద నొక్కితే పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది కదా, దాన్ని కిందికి లాగు. ఫొటో కాస్త చీకటిగా అనిపించాలి, అప్పుడే నూగు తేలుతుంది. ఫోన్ తలకిందులుగా పట్టుకో, కెమెరా నేల దగ్గరికొస్తుంది. పైనుంచి తీస్తే బొట్టుబిళ్ల, పక్కనుంచి తీస్తేనే పురుగు. కాళ్లెన్నో లెక్కపెట్టావా?

బాలుడు: ఎనిమిది సార్.

అతిథి: అందుకే అది సాలీడుకి చుట్టం. అగ్గిపెట్టెలో ఎన్ని వేశావు?

బాలుడు: ...రెండే సార్.

అతిథి: ఫోన్ పెట్టేయగానే తడిమట్టిలో వదిలెయ్. పొడిగా ఉంటే చచ్చిపోతాయి.

బాలుడు: సరే సార్. కానీ ఫోన్‌కి బురద అంటితే నాన్న తిడతారు.

అతిథి: కింద ప్లాస్టిక్ కవర్ పరుచుకో. నాన్న ఫోన్ అంటున్నావు కాబట్టి రెండు పరుచుకో.