సెకండ్ అండ్ 26: అలబామా, జార్జియా ఫైనల్ ఇప్పుడు చూసినా టెన్షనే

అందరికీ నమస్తే. ఈసారి సినిమా కాదు, వెబ్ సిరీస్ కాదు, ఒక మ్యాచ్‌కి రివ్యూ. 2018 జనవరి 8, అట్లాంటాలోని మెర్సిడెస్ బెంజ్ స్టేడియం, అమెరికా యూనివర్సిటీ ఫుట్‌బాల్ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, అలబామా వర్సెస్ జార్జియా. మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదండోయ్, హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారం బంతి కోసం ఒకరి మీద ఒకరు పడిపోతారే, అది.

కాలేజీ పిల్లల మ్యాచ్‌కి రివ్యూ ఏంట్రా బాబూ అని స్కిప్ చేసేయకండి. ఈ కాలేజీ పిల్లల మ్యాచ్‌కి అప్పటి ప్రెసిడెంట్ ట్రంప్ వచ్చాడు, హాఫ్‌టైమ్‌లో ర్యాపర్ కెండ్రిక్ లామార్ పాడాడు, అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ ఏడాది జీతం కోటి డాలర్ల పైనే. మరి అప్పట్లో ఆడే కుర్రాళ్ళకి? స్కాలర్‌షిప్, తిండి, హాస్టల్, చిన్న భత్యం, అంతే. తమ పేరు మీద యాడ్స్ చేసుకుని డబ్బు తీసుకోవచ్చని 2021లో గానీ ఒప్పుకోలేదు. అది గుర్తు పెట్టుకుని చూడండి, ఆ దెబ్బలు వేరేగా కనిపిస్తాయి.

ఇంకోటి, అట్లాంటా పక్కన ఆల్ఫారెట్టా, కమ్మింగ్ వైపు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలిసే ఉంటుంది. అక్కడ పెరిగే తెలుగు పిల్లలకి జార్జియా సొంత రాష్ట్రం టీమే. వాళ్ళ ముందు ఈ మ్యాచ్ ఊసెత్తితే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటారు. ఎందుకో చెప్తా.

రూల్స్ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి నాలుగు ఛాన్సులు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్ళీ నాలుగు. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, తర్వాత కిక్ కొడితే ఇంకొకటి. దూరం నుంచి కాలితో గోల్ పోస్టుల మధ్యలోకి కొడితే ఫీల్డ్ గోల్, మూడు. బంతిని ఎవరికి ఇవ్వాలి, ఎటు విసరాలి అన్నది క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉంటుంది. ఈ మ్యాచ్‌కి ఇది చాలు.

జార్జియా కోచ్ కిర్బీ స్మార్ట్, సేబన్ దగ్గర ఏళ్ళ తరబడి డిఫెన్స్ చూసుకున్న శిష్యుడే. జార్జియా చివరిసారి టైటిల్ కొట్టింది 1980 సీజన్‌లో. అలబామా అయితే ఆబర్న్ యూనివర్సిటీ చేతిలో ఓడిపోయి, సొంత కాన్ఫరెన్స్ (అంటే తమ ప్రాంతపు లీగ్) ఫైనల్‌కి కూడా వెళ్ళకుండానే, నేషనల్ టైటిల్ కోసం కమిటీ ఎంపిక చేసే టాప్ ఫోర్‌లో నాలుగో సీడ్‌గా దూరింది. దీని మీద అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. నన్నడిగితే ఆ గొడవలో న్యాయం ఉంది.

ఫస్ట్ హాఫ్... నిజం చెప్పాలంటే బోరు. జార్జియా రెండు ఫీల్డ్ గోల్స్ కొట్టింది, హాఫ్ ముగియడానికి ఏడు సెకన్ల ముందు మెకోల్ హార్డ్‌మన్ ఒక్క గజం పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 13-0. అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ ఎనిమిదిసార్లు విసిరితే మూడు చేరాయి, మొత్తం 21 గజాలు. మొదటిసారి చూసేవాళ్ళు ఈ భాగం ఫార్వర్డ్ చేసేసుకోవచ్చు, పాపమేం లేదు.

అసలు మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో, డ్రెస్సింగ్ రూమ్‌లో మొదలైంది. సేబన్ హర్ట్స్‌ని తీసేశాడు. ఆ హర్ట్స్ ఎవరనుకున్నారు, అప్పటికి స్టార్టర్‌గా 25 గెలుపులు, రెండే రెండు ఓటములు. ముందు ఏడాది ఫ్రెష్‌మన్‌గానే, అంటే మొదటి ఏడాది స్టూడెంట్‌గానే, టీమ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్ళి, ఇంకో రెండు నిమిషాల చిల్లర ఉండగా 30 గజాలు పరిగెత్తి లీడ్ కూడా ఇచ్చాడు, ఒక్క సెకను మిగిలి ఉండగా ఎదుటి టీమ్ క్లెమ్సన్ టచ్‌డౌన్ కొట్టేస్తే అతనేం చేస్తాడు? అలాంటివాణ్ణి కూర్చోబెట్టి, టూవా టాగోవైలోవా అనే హవాయి కుర్రాణ్ణి దింపాడు. పందొమ్మిదేళ్ళు, ఎడమచేతి వాటం, అప్పటిదాకా ఆడిందల్లా ముందే గెలిచేసిన మ్యాచ్‌ల చివర్లో. వరల్డ్ కప్ ఫైనల్లో డ్రింక్స్ మోసే కుర్రాడికి బ్యాట్ ఇచ్చినట్టు!

కామెంట్లలో చాలామంది దీన్ని మాస్టర్‌స్ట్రోక్ అంటారు. నాకు అంత తేలిగ్గా అనిపించదు. 13 వెనకబడ్డాక, విసిరేవాడు కావాలి, హర్ట్స్ బలం పరుగు. లెక్క ప్రకారం సరైన నిర్ణయమే. కానీ అలబామా ఓడిపోయి ఉంటే ఇదే నిర్ణయాన్ని వయసు మీద పడిన కోచ్ మొండితనం అని ఇదే నోళ్ళు అనేవి.

సరే, టూవా వచ్చాడు. హెన్రీ రగ్స్‌కి టచ్‌డౌన్ పాస్, 13-7. వెంటనే జార్జియా ఫ్రెష్‌మన్ క్వార్టర్‌బ్యాక్ జేక్ ఫ్రామ్, మళ్ళీ అదే హార్డ్‌మన్‌కి 80 గజాల టచ్‌డౌన్ వేశాడు. 20-7, స్టేడియం ఊగిపోయింది. టూవా గురించి అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది, ఇతను మధ్యలో బంతి నేరుగా జార్జియా చేతికిచ్చాడు, ఇంటర్‌సెప్షన్. అందుకే నాకు నచ్చాడు, తప్పు చేశాక భయపడి చిన్న చిన్న పాసులకి దిగలేదు.

ఇక్కడ జార్జియా వాళ్ళ కడుపుమంట గురించి చెప్పాలి. మూడో క్వార్టర్‌లో అలబామా పంట్‌ని (ఛాన్సులు అయిపోతుంటే బంతిని దూరంగా తన్నేయడం) జార్జియా బ్లాక్ చేసింది. బంతి దక్కితే మ్యాచ్ దాదాపు అయిపోయినట్టే. కానీ టైలర్ సిమన్స్ ముందే కదిలాడని ఆఫ్‌సైడ్ ఇచ్చారు, ఆ బ్లాక్ చెల్లలేదు. రీప్లే ఆపి ఫ్రేమ్ ఫ్రేమ్ చూడండి, బంతి కదిలాకే అతను కదిలాడు. ఈ కాల్ దారుణం, దీంట్లో నాకు రెండో మాట లేదు.

తర్వాత రెండు ఫీల్డ్ గోల్స్‌తో 20-13. ఇంకో 3 నిమిషాల 49 సెకన్లు ఉండగా, నాలుగో ఛాన్స్, ఆఖరి ఛాన్స్, టూవా నుంచి కాల్విన్ రిడ్లీకి ఏడు గజాల పాస్, టచ్‌డౌన్. 20-20. ఆఖర్లో గెలిపించే కిక్ అలబామా చేతికే వచ్చింది, 36 గజాలు, రోజూ ప్రాక్టీస్‌లో కొట్టేదే. ఎడమ పక్కకి పోయింది. నేనైతే అప్పుడు కుర్చీలోంచి లేచిపోయా.

ఓవర్‌టైమ్. ఇద్దరికీ 25 గజాల గీత నుంచి ఒక్కో దఫా బంతి ఇస్తారు, అందులో మళ్ళీ అవే నాలుగు ఛాన్సులు. జార్జియా ముందు ఆడింది, ఫ్రామ్‌ని పట్టుకుని 13 గజాలు వెనక్కి తోసేశారు, అయినా రోడ్రిగో బ్లాంకెన్‌షిప్ 51 గజాల నుంచి కొట్టాడు. 23-20. ఇప్పుడు అలబామా. మొదటి బంతికే టూవా పారేయకుండా పట్టుకుని తిరిగి తిరిగి 16 గజాలు వెనక్కి పడ్డాడు. అనుభవం ఉన్నవాడెవడూ చేయని పని. ఇప్పుడు రెండో ఛాన్స్, కావాల్సింది 26 గజాలు, అదే సెకండ్ అండ్ 26.

ఆ ప్లేని స్లోలో చూడండి, బంతిని కాదు, టూవా హెల్మెట్‌ని చూడండి. బంతి అందగానే తల కుడివైపు ఉంటుంది. వెనక కాపలా ఉన్న సేఫ్టీ ఆ చూపుని నమ్మి మధ్యలోనే ఆగాడు. ఆ ఒక్క క్షణం చాలు. టూవా తల ఎడమకి తిప్పాడు, విసిరేశాడు, గీత పక్కనుంచి పరిగెడుతున్న డివాంటా స్మిత్, అతనూ ఫ్రెష్‌మనే, పరుగు తగ్గించకుండానే అందుకున్నాడు. 41 గజాలు, 26-23. అదనపు కిక్ కూడా కొట్టక్కర్లేదు, అయిపోయింది. సేబన్‌కి ఆరో టైటిల్, అలబామా పాత కోచ్ బేర్ బ్రయంట్‌తో సమానం.

ఈ సంబరంలో కెమెరా పక్కకి వెళ్ళినప్పుడల్లా హర్ట్స్‌ని గమనించండి. మొహం ముడుచుకుని మూల కూర్చోలేదు, టూవా కోసం గంతులేస్తూ కనిపిస్తాడు. అదే ఏడాది డిసెంబర్‌లో, అదే స్టేడియంలో, అదే జార్జియా మీద, టూవాకి దెబ్బ తగిలితే హర్ట్స్ దిగి 35-28తో గెలిపించాడు. ఇలా సినిమాలో రాస్తే అతి అని మనమే ట్రోల్ చేస్తాం. తర్వాత ఓక్లహోమాకి మారాడు, ఆపైన ప్రొఫెషనల్ టీమ్ ఫిలడెల్ఫియా ఈగల్స్, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) గెలిచి ఎంవీపీ, అంటే మ్యాచ్‌లో బెస్ట్ ప్లేయర్. ఆ మ్యాచ్‌లో హర్ట్స్ విసిరిన 46 గజాల టచ్‌డౌన్ పట్టుకుంది ఎవరో తెలుసా? డివాంటా స్మిత్!

రేటింగ్ అంటారా, ఐదుకి నాలుగున్నర. ఆ అరమార్కు ఫస్ట్ హాఫ్‌కీ, ఆఫ్‌సైడ్ కాల్‌కీ కట్. టైమ్ లేనివాళ్ళు థర్డ్ క్వార్టర్ నుంచి పెట్టుకోండి. జార్జియా ఫ్యాన్స్‌కి మాత్రం నా సలహా, దీని జోలికి పోకుండా 2022 జనవరి ఇండియానాపోలిస్ ఫైనల్ చూసుకోండి, అక్కడ ఇదే అలబామాని 33-18తో కొట్టి 41 ఏళ్ళ కరువు తీర్చుకున్నారు. ఆ మ్యాచ్ రివ్యూ కావాలంటే కామెంట్‌లో చెప్పండి, చేసేద్దాం.