లోయర్ పరేల్‌లో మనం ఎక్కడ నిలబడ్డాం?

శ్రోతలకు నమస్కారం.

పగలంతా ఎక్స్‌రే ఫిల్ములు పరిశీలించి, మిగిలిన వేళల్లో కుంచె పట్టిన ఒక వైద్యుని గురించి ఈ పూట మాట్లాడదలిచాను. ఆయన పేరు సుధీర్ పట్వర్ధన్. 1949లో పుణెలో జన్మించి, అక్కడే వైద్యం చదివి, 1973లో ముంబయి చేరిన ఈయన 1975 నుండి 2005 వరకు ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేశారు. చిత్రకళను ఏ కళాశాలలోనూ అభ్యసించలేదు. లోపలి ఎముకలను అన్నేళ్లు చూసినందువల్లనేమో, ఆయన తొలినాటి చిత్రాలలోని శ్రామికుల దేహాలకు మోయలేనంత బరువు ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే. మిగతా విషయాలు పక్కన పెట్టి, నాకు అత్యంత ఇష్టమైన ఒక్క చిత్రం దగ్గరకు వస్తాను.

ఆ చిత్రం పేరు 'లోయర్ పరేల్'. 2001లో వేసినది. లోయర్ పరేల్ అంటే ముంబయి బట్టల మిల్లుల పేట. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుండి బతుకుతెరువుకు వెళ్లిన మన నేతపనివారు ఎందరో ఆ మిల్లుల్లో పనిచేసినవారే. 1982 జనవరిలో సుమారు 2.5 లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తరువాత చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు. ఒక మిల్లు ఆవరణ ఏకంగా మాల్‌గా మారింది. చిత్రంలో మిల్లుల పొగగొట్టాలూ ఉన్నాయి, వాటిని మించి లేస్తున్న కొత్త భవనాలూ ఉన్నాయి, రైలు పట్టాలూ వంతెనా ఉన్నాయి, ఎవరి దారిన వారు పోతున్న జనమూ ఉన్నారు.

ఇంతవరకు ఫొటోలోనూ చూడవచ్చు. ఫొటోలో దొరకనిది ఒకటుంది. ఫొటో తీసేవాడు ఒక్కచోటే నిలబడతాడు. పట్వర్ధన్ ఒక్కచోట నిలబడలేదు. ఒక మూల చూస్తే మనం ఎత్తు మీది నుండి కిందికి చూస్తున్నట్టుంటుంది. చూపు కాస్త జరిపితే ఆ జనంలోనే, వారి భుజాల పక్కనే ఉన్నట్టుంటుంది. నేల వంగుతుంది, వీధి తిరుగుతుంది, చూపు నిలవదు. ఆ పేటలో నడిచే మనిషి కూడా అలాగే చూస్తాడు గదా! వంతెన ఎక్కుతూ ఒకటి, దిగుతూ ఒకటి.

తాను గీసిన మనుషులు ఆ బొమ్మల్లో తమను తాము చూసుకోగలగాలని ఆయన కోరిక. అందుకే కాబోలు, 2008-09లో సమకాలీన చిత్రాలను మహారాష్ట్రలోని పలు పట్టణాలకు తీసుకువెళ్లి చూపించే పనికి పూనుకున్నారు. 2019 చివరలో ముంబయిలోని జాతీయ ఆధునిక కళా మందిరం ఆయన దశాబ్దాల కృషినంతా ఒకచోట చేర్చి ప్రదర్శించింది.

ఇక శ్రోతలకు ఒక్క మాట. ఈసారి హైదరాబాద్ మాదాపూర్‌లోని చిత్రమయి కళా ప్రదర్శనశాలకు గాని, మరే ప్రదర్శనకు గాని వెళ్లినప్పుడు, బొమ్మ పక్కన అంటించిన చీటీని వెంటనే చదవకండి. చిత్రకారుడు మిమ్మల్ని ఎక్కడ నిలబెట్టాడో ముందు వెతకండి: మేడ మీదా, వీధిలోనా, కిటికీ లోపలా? ఆ చోటు దొరికాక, అది కాసేపటికి మారుతోందేమో చూడండి. చీటీ ఎక్కడికీ పోదు, ఆ తరువాత చదవవచ్చు.

నమస్కారం.