కామెర్లకు పసరు, ఉద్దానానికి నీళ్లు: వైద్య వ్యాసాల్లో ఆధారం ఎలా ఎంచుకోవాలి

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు వికీపీడియా మిత్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన ఊళ్ల గురించి, గుళ్ల గురించి మీరు రాస్తున్న వ్యాసాలు చూస్తుంటే సంతోషంగా ఉంటుంది. వాటిలో ఓ తేదీ తప్పుపడితే ఎవరో ఒకరు వచ్చి దిద్దుతారు, ఎవరికీ పెద్దగా నష్టం ఉండదు. జబ్బుల వ్యాసం అలా కాదు. ఇంట్లో ఒకరికి కళ్లు పచ్చబడితే ఆ రాత్రే టెన్షన్‌తో ఫోన్‌లో వెతుకుతారు. అప్పుడు మనం రాసిన వాక్యమే వాళ్లకు డాక్టరు మాట అయిపోతుంది.

నేల ఉసిరినే తీసుకోండి. పచ్చకామెర్లు అనగానే మన వైపు ముందు గుర్తొచ్చేది పసరు మందే. "నేల ఉసిరి కామెర్లను నయం చేస్తుంది" అని ఎవరైనా రాశారనుకుందాం. ఆధారం ఏదని అడిగితే ఏకంగా లాన్సెట్ పత్రికనే చూపించవచ్చు. 1988లో మద్రాసు పరిశోధకులు అందులో ఒక అధ్యయనం ప్రచురించారు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నవారిలో 37 మందికి నేల ఉసిరి పొడి, 23 మందికి మందు లేని ఉత్తి గొట్టం మాత్రలు ఇచ్చారు. మొదటి గుంపులో 22 మంది రక్తంలో వైరస్ జాడ పోయింది, రెండో గుంపులో ఒక్కరికే పోయింది. అంత పేరున్న పత్రికలో వచ్చాక ఇంకేం కావాలి అనిపిస్తుంది.

ఇంకా కావాలి. తర్వాత వేరే చోట్ల వేరేవాళ్లు ప్రయత్నిస్తే ఆ ఫలితం మళ్లీ అలా రాలేదు. హెపటైటిస్ బి రోగుల్లో ఈ జాతి మొక్కలపై జరిగిన పరీక్షలను ఒకచోట చేర్చి 2011లో, వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష వేసింది. మందు లేని ఉత్తి మాత్రలతో పోలిస్తే మేలు చేస్తుందని నమ్మదగ్గ రుజువు లేదని తేల్చింది. మద్రాసు వాళ్లు మోసం చేశారని కాదు. ఒక చోట 60 మందిపై చేసిన పని ఒక్కటే లోకానికంతటికీ సరిపోదు, అంతే. అందుకే వికీపీడియా వైద్య వ్యాసాలకు సమీక్షలు, వైద్య పాఠ్యపుస్తకాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లాంటి సంస్థల మార్గదర్శకాలు కావాలంటుంది. అవీ వీలైనంతవరకు గత ఐదేళ్లలోవి అయితే మంచిది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కామెర్లన్నీ ఒకటి కావు. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చేవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో తాగిన పసరుకు పేరు వస్తుంది. హెపటైటిస్ బి కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోయి కాలేయాన్ని గట్టిపరుస్తుంది, క్యాన్సర్‌కూ దారితీస్తుంది. ఈ తేడా చెప్పకుండా "కామెర్లను నయం చేస్తుంది" అని రాస్తే, రక్తపరీక్షకు వెళ్లాల్సిన మనిషిని మనమే ఆపినట్టవుతుంది. మరి పసరు గురించి రాయకూడదా? తప్పకుండా రాయండి. "కామెర్లకు నేల ఉసిరిని సంప్రదాయంగా వాడతారు" అని ఆయుర్వేద గ్రంథం చూపించి రాయండి. వెంటనే తర్వాతి వాక్యంలో సమీక్ష ఏం తేల్చిందో చెప్పండి.

ఇచ్ఛాపురం దాటితే ఉద్దానం. కవిటి, సోంపేట వైపు మనకు బంధువులు లేని ఇల్లు తక్కువ, అక్కడి కిడ్నీ జబ్బు, డయాలసిస్ కష్టం తెలియనివాళ్లూ తక్కువే. ఆ జబ్బుకు కారణం మాత్రం ఒక రోజు నీళ్లలో సిలికా అని, ఇంకో రోజు పురుగుమందులని, మరో రోజు నొప్పి మాత్రలని వార్తలొస్తాయి. వైద్య పత్రికలు దీన్ని కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అనే పిలుస్తున్నాయి. శ్రీలంకలో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కనిపించేదీ ఇలాంటిదే. కాబట్టి "నీళ్లలోని సిలికా వల్ల వస్తుంది" అని రాసి ఉంటే, "కారణం ఇంకా నిర్ధారణ కాలేదు, నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోవడం వంటివి పరిశీలనలో ఉన్నాయి" అని మార్చండి. దినపత్రిక పనికిరాదని నేను అనడం లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలైందని చెప్పడానికి దినపత్రిక చాలు. జబ్బుకు కారణం చెప్పడానికి చాలదు.

వెతకడం కష్టమేం కాదు. వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో జబ్బు పేరు కొట్టి, పక్కన ఉండే ఫిల్టర్లలో "సిస్టమాటిక్ రివ్యూ" (నేను చెప్పిన సమీక్ష ఇదే) టిక్ చేయండి. సారాంశం ఒక్కటే చదివి రాయకండి, చాలా వ్యాసాలు పూర్తిగా ఉచితంగానే దొరుకుతాయి. ఆ వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుందేమో కూడా చూడండి. కోవిడ్ రోగుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకంపై 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చిన పెద్ద అధ్యయనాన్ని జూన్ 4కే ఉపసంహరించారు. మొదటి రోజే దాన్ని వ్యాసంలో ఎక్కించినవాళ్ల పని ఏమైందో ఆలోచించండి.

మందుల మోతాదులు మాత్రం దయచేసి రాయకండి. మనిషి బరువు, కిడ్నీల స్థితి, గర్భం లాంటివి చూసి డాక్టరు తేల్చాల్సిన సంగతి అది.

చివరిగా మీకే ప్రత్యేకంగా ఒక మాట. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో మలేరియాపై ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి 'దమన్' కార్యక్రమం నడుపుతోంది. దాని గురించి ఒడియాలో వచ్చే సమాచారాన్ని విశాఖలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న రచయితల్లో ఎక్కువమంది చదవలేరు. మీరు చదవగలరు. ఆ కాగితాల నుంచి కార్యక్రమం ఎక్కడ, ఎలా నడిచిందో తీసుకోండి. చికిత్స గురించి మాత్రం జాతీయ మలేరియా మార్గదర్శకాలనే చూడండి. మలేరియా వ్యాసంలో ఒడిశా భాగాన్ని ఈ నెలలోనే మొదలుపెడదాం. రాయడానికి ఎవరు ముందుకొస్తారో ఇప్పుడే చెప్పండి, ఆధారాలు వెతకడానికి నేను పక్కన కూర్చుంటాను.