సుద్దముక్కతో రాసిన నాలుగు మాటలు

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు, ఒంగోలు వైపు క్రైస్తవ కుటుంబాల్లో పెళ్లి సంబంధం మాట వస్తే, కట్నకానుకల కన్నా ముందు ఓ ప్రశ్న వస్తుంది. "మీది ఏ మిషనండీ?" లూథరనా, బాప్టిస్టా, సి.ఎస్.ఐ.యా అని దానర్థం. అడిగేవాళ్లకీ చెప్పేవాళ్లకీ ఈ పేర్లు ఇంటిపేర్లంత మామూలు. ఈ పేర్ల వెనక ఉన్న పాత తగాదాల్లో ఒకటి జర్మనీలో, ఒక కొండమీది కోటలో, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల మధ్య జరిగింది. ఇవాళ ఆ సంగతి చెబుతాను.

1517లో మార్టిన్ లూథర్ పాపశిక్ష తగ్గింపు పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తూ 95 వాదాంశాలు బయటపెట్టడం, రోమ్‌తో, అంటే పోపు ఏలే కాథలిక్ సంఘంతో, తెగిపోవడం చాలామందికి తెలిసిన కథే. దాని తర్వాత పన్నెండేళ్లకి సంస్కరణవాదుల్లోనే రెండు గట్లు తేలాయి. విట్టెన్‌బర్గ్‌లో లూథర్, స్విట్జర్లాండులోని జూరిక్‌లో ఉల్రిచ్ జ్వింగ్లీ. ఇద్దరికీ నలభై అయిదేళ్లు. పుట్టిన తేదీల మధ్య ఏడు వారాలే తేడా. ఇద్దరూ రోమ్‌ని కాదన్నవాళ్లే. పేచీ వచ్చింది ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసు చివరి విందుని తలుచుకుంటూ గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం దగ్గర.

హెస్సే పాలకుడు ఫిలిప్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. రోమ్ పక్షాన ఉన్న చక్రవర్తి అయిదవ చార్లెస్ ఏ క్షణాన మీద పడతాడోనని ఆయనకి టెన్షన్. ఇద్దరు పెద్దల్నీ కలిపితే సైన్యాలూ కలుస్తాయని లెక్క వేసుకుని, 1529 అక్టోబరులో వాళ్లని తన మార్బుర్గ్ కోటకి పిలిపించాడు.

వాదం మొదలయ్యే ముందు లూథర్ ఓ పని చేశాడు. సుద్దముక్క తీసుకుని బల్ల మీద లాటిన్‌లో నాలుగు మాటలు రాశాడు: "హోక్ ఎస్ట్ కోర్పుస్ మేయుమ్." రొట్టె విరిచి శిష్యులకిస్తూ యేసు అన్న మాట అది. దాని మీద మఖమల్ గుడ్డ కప్పి కూర్చున్నాడు. అవతలివాళ్లు లేఖనం చూపించమని గట్టిగా అడిగినప్పుడు గుడ్డ ఎత్తి చూపించాడు. ఇదిగో, ఇదే మా లేఖనం అన్నాడు.

గొడవంతా రెండో మాట మీద. 'ఎస్ట్' అంటే 'అయి ఉన్నది' అని. ఉన్నది అంటే ఉన్నదే, క్రీస్తు శరీరం ఆ రొట్టెలో నిజంగా ఉంది అంటాడు లూథర్. కాదు, 'సూచిస్తున్నది' అని చదువుకోవాలి అంటాడు జ్వింగ్లీ. యేసు తనని ద్రాక్షావల్లి అన్నాడని ఆయన తీగ అయిపోయాడా? పరలోకంలో తండ్రి కుడిపక్కన ఉన్న శరీరం ఇన్ని ఊళ్లలో ఇన్ని బల్లల మీద ఒకేసారి ఎలా ఉంటుంది?

మన తెలుగు బైబిల్లో ఆ చోట "ఇది నా శరీరమని చెప్పెను" అని ఉంది. ఇది, నా, శరీరము. అంతే. ఆ 'ఎస్ట్' మన వాక్యంలో లేనే లేదు! తెలుగులో దాని అవసరం రాదు. ఏ మాట మీద వాళ్లు విడిపోయారో ఆ మాట లేకుండానే మనం చదువుకుంటున్నాం.

అలాగని దీన్ని ముక్కల కోసం కొట్లాట అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. దేవుడి మాటని మన బుద్ధికి సరిపడేట్టు ఒక్కచోట వంచితే ఇక ఎక్కడ ఆగుతామని లూథర్ భయం. అది చిన్న భయం కాదు.

చివరికి పదిహేను అంశాలు రాసుకున్నారు. పద్నాలుగింటిలో ఒకటే మాట. పదిహేనోదాంట్లో కూడా చాలావరకు కలిశారు, ఆ ఒక్క ముక్క దగ్గర తప్ప. జ్వింగ్లీ కళ్లనీళ్లతో సహోదరుడిగా ఒప్పుకోమని అడిగాడు. మీ ఆత్మ వేరు అన్నారు లూథర్ పక్షంవాళ్లు. రెండేళ్లకి, 1531 అక్టోబరు 11న, కప్పెల్ యుద్ధంలో కాథలిక్ కాంటన్ల (స్విస్ రాష్ట్రాల) సైన్యం చేతిలో జ్వింగ్లీ చనిపోయాడు. ఫిలిప్ కోరుకున్న ఆ పొత్తు కుదరనే లేదు.

జ్వింగ్లీ మీద మరీ జాలిపడనక్కర్లేదు. పసిపిల్లలకిచ్చేది బాప్తిస్మమే కాదని తన శిష్యులే ఎదురు తిరిగితే, ఆయన నగర సభ పక్షానే నిలబడ్డాడు. ఆ శిష్యుల్లో ఫెలిక్స్ మాన్జ్ అనే అతన్ని 1527 జనవరిలో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. మళ్లీ బాప్తిస్మం ఇచ్చినందుకు నీళ్లతోనే శిక్ష.

మూడు శతాబ్దాల తర్వాత ఈ గీతలన్నీ ఓడలెక్కి మన దగ్గరికి వచ్చాయి. 1840లో నెల్లూరుకి అమెరికన్ బాప్టిస్టులు, 1841లో బందరుకి ఆంగ్లికన్లు, 1842లో గుంటూరుకి లూథరన్ మిషనరీ హేయర్. ఒకరి ప్రాంతంలోకి మరొకరు పోకుండా మిషన్లు హద్దులు చూసుకున్నాయి. అంటే జర్మన్లూ స్విస్సులూ వాదించుకుని విడిపోతే, మనవాళ్లు ఊరినిబట్టి విడిపోయారు. గుంటూరు పక్కన పుడితే లూథరన్, ఒంగోలు పక్కన బాప్టిస్టు, మెదక్‌లో మెథడిస్టు, దోర్నకల్‌లో ఆంగ్లికన్. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో మార్బుర్గ్ పేరు విన్నవాళ్లు ఎవరుంటారు?

ఈ అరువు తగాదా మనకెందుకని గట్టిగా అడిగినవాడు దోర్నకల్ బిషప్ అజరయ్య. 1919లో తమిళ తీరాన ఉన్న తరంగంబాడిలో వేర్వేరు సంఘాలవాళ్లు సమావేశమై ఐక్యతకి పిలుపునిచ్చారు. అందులో ఆయనది ముఖ్యపాత్ర. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అదే సి.ఎస్.ఐ., ఏర్పడింది. అప్పటికి అజరయ్య లేరు. లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు.

మా మేనత్త లూథరన్ ఇంట పుట్టి బాప్టిస్టు ఇంటికి కోడలుగా వెళ్లింది. అక్కడి సంఘంలో బల్ల తీసుకోవాలంటే మళ్లీ బాప్తిస్మం తీసుకోమన్నారు. "నెలల పిల్లగా ఉన్నప్పుడే ఇచ్చారు గదా అయ్యగారూ" అంటే, "అది చిలకరింపమ్మా, లెక్కలోకి రాదు" అన్నారట. పెళ్లయిన మూడోనెలలో తెల్లచీర కట్టుకుని ఏట్లో దిగింది. ఇప్పుడు ట్రంకుపెట్టెలో ఆవిడకి రెండు సర్టిఫికెట్లున్నాయి. "ఏ మిషనమ్మా" అని ఎవరైనా అడిగితే, "మీకేది కావాలో చెప్పండి, తీసుకొస్తా" అంటుంది.