ఖమ్మం పేరు చెప్పి భయపెడుతున్నారు, అసలు ఖమ్మంలో జరిగిందేమిటి?

నమస్కారం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా గురించి ఏ గ్రూపులో మాట మొదలైనా, కాసేపటికి ఒక మెసేజ్ వచ్చి పడుతుంది. "ఈ టీకా వేసే ఖమ్మంలో ఆడపిల్లల్ని చంపేశారు, మన పిల్లల మీద ప్రయోగాలు చేస్తున్నారు" అని. వెంటనే ఎవరో ఒకరు "ఇదంతా ఫేక్, నమ్మకండి" అని జవాబిస్తారు. నేనేమంటానంటే, ఆ మెసేజ్‌లో ఉన్నది నిజం కాదు. అలాగని అంతా ఫేక్ అనడమూ నిజం కాదు. ఖమ్మంలో తప్పు జరిగింది. ఆ సంగతి దాచిపెట్టి తల్లులను ఒప్పించాలని చూస్తే వాళ్లు నమ్మరు. నమ్మకపోతే తప్పు వాళ్లది కాదు.

ముందు జరిగింది చెప్తాను. 2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో ఈ కార్యక్రమం మొదలుపెట్టాయి. గుజరాత్‌లో వడోదర దగ్గర కూడా ఇలాంటిదే జరిగింది. డబ్బు ఇచ్చింది గేట్స్ ఫౌండేషన్. ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాలను ఎంచుకున్నారు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా మూడు డోసులు వేయాలన్నది ప్లాన్. టీకాకు అప్పటికే మన దేశంలో అనుమతి ఉంది. దాన్ని ఊళ్లలో, బడుల్లో ఎలా అందించాలో చూడడానికే ఈ ప్రాజెక్టు అని నిర్వాహకులు చెప్పారు. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన, దళిత కుటుంబాల వాళ్లు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు ఎక్కువ.

ఇక్కడే ఆగి ఒక కాగితం చూడాలి. అంగీకార పత్రం. పిల్లకు టీకా వేయడానికి ముందు తల్లో తండ్రో చదివి, అర్థం చేసుకుని, సంతకం పెట్టాల్సిన కాగితం. ఆ పిల్ల తల్లిదండ్రులు ఎక్కడో ఏజెన్సీ ఊళ్లో కూలి పనుల్లో ఉన్నారు. వాళ్లకు కబురు పంపడం, రప్పించడం, కూర్చోబెట్టి చెప్పడం కష్టమైన పని. ఆ పని జరగలేదు. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్ సంతకం పెట్టేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో లెక్కలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద వార్డెన్ల సంతకాలున్నాయి. వేలిముద్ర వేయడం తప్పు కాదు, మా ఇళ్లలోనూ నిశాని వేసిన పెద్దవాళ్లున్నారు. కానీ వేలిముద్ర వేసే మనిషికి ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించాలి కదా? పిల్లల చేతికిచ్చిన టీకా కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ లోగో కూడా వాడారు. దాంతో చాలామంది ఇది మామూలుగా గవర్నమెంటు వేసే టీకాయే అనుకున్నారు.

తర్వాత మరణాల వార్తలొచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేయించుకున్న ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు ఖమ్మం వెళ్లి గట్టిగా ప్రశ్నించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణలో తేలింది ఇది: ఒక పిల్ల నీళ్లలో మునిగి చనిపోయింది, ఒకరు పాము కాటుకు, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో ఒకరిది జ్వరం, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చన్నారు. టీకాకూ ఈ మరణాలకూ సంబంధం ఉన్నట్టు ఆధారం దొరకలేదు. కానీ అంగీకారం తీసుకున్న తీరు, దుష్ప్రభావాలు నమోదు చేసిన తీరు దారుణంగా ఉన్నాయని పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. ఆ మరణాలను సరిగ్గా విచారించకుండానే కొట్టిపారేశారని కూడా అంది. నాకూ అదే కోపం. పిల్ల పోయిన ఇంటికి వెళ్లి, ఎందుకు పోయిందో ఓపిగ్గా చెప్పగలిగిన మనిషి ఒక్కరున్నా ఈ అనుమానం ఇన్నేళ్లు బతికేది కాదు.

ఇంకో సంగతి ఉంది, మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అదే 2009లో మన దేశంలో వేరే అధ్యయనం కూడా నడుస్తోంది. హెచ్‌పీవీ టీకా రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని చూసే అధ్యయనం. అది నడిచిన చోట్లలో హైదరాబాద్ ప్రాంతం కూడా ఉంది. ఖమ్మం గొడవతో దాన్నీ మధ్యలో ఆపేశారు. దాదాపు 5 వేల మంది పిల్లలు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. వాళ్లను పరిశోధకులు వదిలేయలేదు, ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తూ వచ్చారు. 2021లో ఫలితాలు ప్రకటించారు. క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన 16, 18 రకాల హెచ్‌పీవీ వైరస్ శరీరంలో తిష్ట వేయకుండా ఒక్క డోసే 95 శాతం దాకా కాపాడుతోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలని చెప్పిందంటే, దానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి. ప్రపంచమంతా వాడుకుంటున్న ఈ ఆధారం మన పిల్లల వల్ల వచ్చింది. మన ఇళ్లలో మాత్రం ఇంకా భయమే మిగిలింది.

ఆ భయానికి మనం కట్టే మూల్యం చిన్నది కాదు. 2022 అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్న అమ్మాయిల్లో లోపలి కణజాలంలోకి పాకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్కరిలోనూ కనిపించలేదని 2024లో ప్రకటించారు. జపాన్ కూడా మనలాగే భయపడి 2013లో ఈ టీకాను సిఫార్సు చేయడం మానేసింది. 70 శాతం దాకా ఉన్న టీకాలు ఒక్క శాతం లోపుకు పడిపోయాయి. మళ్లీ మొదలుపెట్టేసరికి 2022 వచ్చింది.

ఇక ఇళ్లలో అడిగే ప్రశ్నలు. టీకా వేస్తే పిల్లలు పుట్టరట కదా అంటారు. కాదు. ఇందులో వైరస్ ఉండదు, దాని పైతొడుగు లాంటి ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. సంతానానికి దెబ్బ తగులుతుందనడానికి ఆధారం లేదు. చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం ఉండొచ్చు. ఈ వయసు పిల్లలు సూది భయంతో కళ్లు తిరిగి పడిపోతుంటారు, అందుకే వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టాలి.

రెండో ప్రశ్నను పైకి అడగలేరు, అత్తగారో నాన్నమ్మో సణుగుతారు: "పెద్దమనిషి కూడా కాని పిల్లకు ఆ జబ్బు టీకా ఏంటి?" ఈ వైరస్ లైంగిక సంబంధం వల్ల సోకుతుంది కాబట్టి, ఈ మాట వెనక పిల్ల మీద అనుమానం పడుతుందేమో, రేపు సంబంధాలు చెడతాయేమో అన్న బెంగ ఉంది. అమ్మా, వైరస్ సోకకముందే వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది. అందుకే 9 నుంచి 14 ఏళ్లు. ఏ తప్పూ చేయని ఇల్లాలికి కూడా భర్త నుంచి ఈ వైరస్ వస్తుంది. ఇందులో పిల్ల నడవడిక ప్రస్తావనే లేదు.

నా బిడ్డకైతే వేయిస్తాను, మీరూ వేయించండి. కానీ అధికారులను ఒకటి అడుగుతున్నాను. సిక్కిం 2018లో బడుల్లో ఈ టీకా వేసినప్పుడు ముందు టీచర్లకు, తల్లిదండ్రులకు విడమరిచి చెప్పింది, 95 శాతానికి పైగా పిల్లలకు టీకా అందింది. మన హాస్టల్ పిల్లలు దసరాకు ఇళ్లకు వెళ్తారు కదా, పత్రం అప్పుడే చేతికివ్వండి, తెలుగులో. కోయ మాట్లాడే ఊళ్లో ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్త చదివి వినిపించాలి. రాత్రి జ్వరమొస్తే చేయాల్సిన ఫోన్ నంబరు దాని మీదే ఉండాలి. వద్దన్న తల్లిని బెదిరించొద్దు, మళ్లీ వెళ్లి మాట్లాడండి. వార్డెన్ సంతకాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు.

తల్లులకు ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు మన దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. టీకా బిడ్డకు, పరీక్ష మీకు. గర్భాశయ ముఖద్వారానికి పలచటి వెనిగర్ లాంటి ద్రవం పూసి చూస్తారు, కొద్ది నిమిషాల పని. బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లిన రోజే, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో ఏఎన్‌ఎమ్మును అడగండి.