34 డిగ్రీలే కదా, నడవడానికేం?

మొన్న విజయనగరంలో మా బావ, నడకకి వెళ్ళట్లేదని వాళ్ళ నాన్నని కోప్పడుతున్నాడు. "విజయవాడలో 42 అట. ఇక్కడ 34 డిగ్రీలే. నీకు బద్ధకం నాన్నా!" అని. తను మాత్రం ఏసీలో కూర్చుని, ఫోన్ చూసి చెబుతున్నాడు. ఈ మాట ఎక్కడ విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

(మట్టికుండ చూపిస్తూ)

ఇందులో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు, చెప్పను. కానీ మన ఉక్కపోత రోజున ఇదే కుండలో నీళ్ళు తాగి చూడండి. అంత చల్లగా ఉండవు. పైకి ఊరిన చెమ్మ ఆరితేనే కదా చల్లబడేది! గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆరేదెలా? ఒళ్ళూ అంతే. చెమట పడితే చాలదు, ఆరాలి. చొక్కా వీపుకి అంటుకుపోయి ఆరట్లేదంటే చెమట పట్టి కూడా లాభం లేదన్నమాట. ఫోన్‌లో డిగ్రీల కింద హ్యుమిడిటీ అని, అంటే గాలిలో తేమ ఎంతో, ఉంటుంది, బావా, అదీ చూడు.

ఇప్పుడు పాత కుండ. నాలుగు వేసవులు వాడితే సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయి, చెమ్మ ఊరదు. కొత్తది కొనుక్కుంటాం. మావయ్యకి కొత్త ఒళ్ళు ఏ సంతలో కొంటాం? వయసు మీద పడితే చెమట తగ్గుతుంది, చర్మానికి రక్తం పారడం తగ్గుతుంది, దాహమూ సరిగా తెలియదు. పైగా కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని మూత్రంగా పంపేస్తాయి. కుండ పాతది, నీళ్ళూ తక్కువ!

కుండని గాలి తగిలేచోట పెడతాం కదా? నడకా అలాగే. ఎండెక్కకముందే, పెద్ద చెరువు గట్టు లాంటిచోట. గాలాడని సందుల్లో కాదు.

వానాకాలానిది వేరే గొడవ. గచ్చు మీద పాచి, కాలు జారుతుందన్న భయం. ఆ భయం ఉత్తిది కాదు, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే లేవడం కష్టం. 2018లో తిత్లీ తుపానప్పుడు శ్రీకాకుళంలో కూలిన కొబ్బరిచెట్లు గుర్తున్నాయా? అలాంటప్పుడు గడప దాటేదెలా? కానీ పదిరోజులు మంచం మీదుంటే పెద్దవాళ్ళకి కండ తరిగిపోతుంది. వసారాలోనే అటూ ఇటూ తిరగాలి, కుర్చీలోంచి లేచి కూర్చోవాలి.

అయ్యో, టైమైపోతోంది. చలికాలం: చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, పొద్దెక్కాకే బయల్దేరండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక లాంటి వ్యాయామం, ముక్కలు చేసుకోవచ్చు. ఎండలో మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడకి తెచ్చి తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

బావా, రేపు ఏసీ కట్టేసి మీ నాన్నతో ఒక రౌండు నడిచి రా. చొక్కా సంగతి నాకు ఫోన్ చేసి చెప్పు.