బరువులెత్తే మగవాడికి ఒక సూది

శ్రోతలకు నమస్కారం.

పలాస దగ్గర ఒక ఊళ్లో నేను నర్సమ్మగా తిరిగిన రోజుల్లో, ఒకామె రెండో కాన్పు కాగానే ఆపరేషన్ చేయించుకుంది. కుట్లు ఆరీ ఆరకముందే జీడిపిక్కలు కొట్టడానికి వెళ్లిపోయింది. కోప్పడ్డాను. "ఏటి సేత్తానమ్మా, కూలి పోతాది కదా" అంది. మరి మీ ఆయన చేయించుకోవచ్చు కదా అన్నాను. "అమ్మో! మగోడు బరువులెత్తాల కదమ్మా" అంటూనే నిండు బిందె చంకకెత్తుకుంది.

ఆ బిందె నేను మరిచిపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 38 మంది దాకా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ లెక్క 0.3. నూటికి ఒక్కరు కూడా కాదు.

అందుకే ఈ రోజు, పిల్లలు పుట్టకుండా మగవాళ్లకు వేసే ఒక సూది గురించి చెబుతాను. ఐఐటీ శాస్త్రవేత్త సుజోయ్ కుమార్ గుహ గారు 1970ల నుంచి దాని మీదే పనిచేశారు. పేరు రైసగ్. మగవాడికి శుక్రకణాలు వచ్చే నాళాలు రెండుంటాయి. మత్తు ఇచ్చి, ఒక్కో నాళంలోకి 60 మిల్లీగ్రాముల మందు ఎక్కిస్తారు. నాళాన్ని కొయ్యరు, ముడి వెయ్యరు. ఆ మందు లోపలి గోడకు పూతలా అంటుకుంటుంది. దాన్ని రాసుకుంటూ వెళ్లిన శుక్రకణం పైపొర దెబ్బతింటుంది. ఇక అది గర్భం కలిగించలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 303 మంది పెళ్లయిన మగవాళ్లకు ఈ సూది వేయించి, ఏడేళ్లు గమనించింది. ఫలితాలు 2023లో వచ్చాయి. గర్భం ఆపడంలో 99 శాతం పనిచేసింది. కొందరికి కొద్దిరోజులు వాపు, జ్వరం వచ్చి తగ్గాయి.

మరి ఆ పూతను కడిగేస్తే మళ్లీ పిల్లలు పుడతారా? ఎలుకల్లో, కుందేళ్లలో, కొండముచ్చుల్లో ఆ మందు తీసేస్తే సంతానశక్తి తిరిగొచ్చింది. మనుషుల్లో అది ఇంకా రుజువు కావాలి. నాకు ఎంత ఆశ ఉన్నా, ఈ మాట దాచకూడదు. గర్భం రాకుండా మగవాళ్లు భుజాలకు రోజూ రాసుకునే హార్మోను జెల్ మీద కూడా విదేశాల్లో పరీక్షలు జరుగుతున్నాయి. ఇవేవీ ఇంకా మన మందుల షాపులో దొరకవు.

అలాగని బిందె మోసే ఆమె అప్పటిదాకా ఆగాలా? నిరోధ్ ఉంది. ఇక పిల్లలు వద్దనుకున్నవాళ్లకు కోత, కుట్టు లేని వేసెక్టమీ, అంటే మగవాళ్ల ఆపరేషన్, ఉంది. అది శాశ్వతమనుకునే చేయించుకోవాలి. చిన్న రంధ్రంతో అయిపోతుంది, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. కొద్దిరోజులు విశ్రాంతి తీసుకుంటే చాలు, తర్వాత బరువులు ఎత్తొచ్చు. ఎత్తొచ్చు, మళ్లీ చెబుతున్నాను. మగతనపు హార్మోను ఆ నాళంలోంచి పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. నాళం మూసినంత మాత్రాన బలం ఎక్కడికీ పోదు.

కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. ఆపరేషన్ అయిన రోజు నుంచే ధీమా వద్దు. నాళంలో ముందే ఉన్న శుక్రకణాలు పోవడానికి టైం పడుతుంది. మూడు నెలలు నిరోధ్ వాడాలి. మూడు నెలలు! తర్వాత ఆస్పత్రిలో వీర్యపరీక్ష చేయించుకోండి. శుక్రకణాలు లేవని రాసిన చీటీ చేతికొచ్చాకే నిరోధ్ ఆపండి. ఆ చీటీ తెచ్చుకోవడానికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి.

నమస్కారం.